మా అమ్మ దబ్బనంతో కుట్టుకున్న పుస్తకం: తెలుగు ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

తెలుగు పుస్తకాలు అచ్చు వేస్తున్న వాళ్ళందరికీ, సొంత డబ్బు పెట్టుకుని తమ పుస్తకం తామే వేసుకుంటున్న రచయితలకీ నమస్కారం.

మాది గుడివాడ. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం మొదలైందంటే మా ఇంటికి సంక్రాంతి ముందే వచ్చినట్టు. నేనూ మా అబ్బాయీ పొద్దున్నే బస్సెక్కి వెళ్తాం, మధ్యాహ్నం దాకా తిరుగుతాం, ఏదో ఇంత తిని మళ్ళీ తిరుగుతాం, రెండు సంచులు నింపుకుని రాత్రికి ఇల్లు చేరతాం. అందులో ఒక సంచి పూర్తిగా మా అమ్మది. అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు 74 ఏళ్ళు, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అయినా భోజనం చేశాక పడకకుర్చీలో కూర్చుని రెండు గంటలు చదవకపోతే ఆవిడకి ఆ రోజు గడిచినట్టే ఉండదు. ఈ ఉత్తరం ఆవిడ తరఫున, నా తరఫున, డబ్బిచ్చి మీ పుస్తకాలు కొనుక్కునే మా లాంటి వాళ్ళ తరఫున.

మొన్న జనవరిలో తెచ్చిన వాటిలో ఒక నవల ఉంది. ఎవరు వేశారో చెప్పను. ఒక్కరి తప్పే అయితే వాళ్ళకే ఉత్తరం రాసేదాన్ని. 352 పేజీలు, వెల 400 రూపాయలు. అమ్మ మూడో రోజుకి 112వ పేజీకి వచ్చింది. పుస్తకం ఒళ్ళో ఆనించుకుని, రెండు చేతులతో విడదీసి పట్టుకుని చదువుతోంది, చెయ్యి తీస్తే దానంతటదే మూసుకుపోతుంది కాబట్టి. ఎడమ పేజీలో వరస చివరి అక్షరాలు, కుడి పేజీలో వరస మొదటి అక్షరాలు బైండింగులోకి వెళ్ళిపోయాయి. అవి కనపడాలంటే ఇంకాస్త గట్టిగా విప్పాలి. అలా విప్పినప్పుడు వెన్ను దగ్గర టప్‌మని చిన్న చప్పుడు వచ్చింది. ఒక కాగితం చేతిలోకి ఊడొచ్చింది, దాని వెనకాలే ఇంకోటి. సాయంత్రానికి పదిహేడు కాగితాలు విడిగా ఉన్నాయి.

అమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి బియ్యం గోతాలు కుట్టే దబ్బనం తీసుకొచ్చింది. కాగితాలన్నీ నంబర్ల ప్రకారం పేర్చి, పుస్తకాన్ని పీట మీద పెట్టి, అంచు నుంచి అర అంగుళం లోపలికి మేకుతో ఐదు చిల్లులు కొట్టించింది నా చేత. దారం నాలుగు పేటలు వేసి, మైనం రాసి, ఒక చిల్లులోంచి కిందికి, ఇంకో చిల్లులోంచి పైకి లాగి ముడేసింది. స్కూల్లో పిల్లల నోటు పుస్తకాలు విడిపోతే అలాగే కుట్టేదట. ఇప్పుడా పుస్తకం ఊడదు. కానీ కుట్టు అర అంగుళం తినేసింది కాబట్టి ప్రతి వరసలోనూ ఒక అక్షరమో రెండక్షరాలో దారం లోపలికి పోయాయి. అమ్మ వాటిని ఊహించుకుంటూ మిగతా 240 పేజీలూ చదివింది.

నాకు కడుపు రగిలిపోయింది. నిజంగా.

మా ఇంట్లో తాతగారి కాలం నాటి పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. కాగితం ఎర్రబడిపోయింది, అంచులు పెళుసెక్కాయి, కానీ కుట్లు ఊడలేదు. బల్ల మీద పెట్టి విప్పితే విప్పినట్టే ఉంటాయి. అప్పట్లో చేసిందేమీ పెద్ద విద్య కాదు. డెమ్మీ అనే పుస్తకం సైజులో పదహారు పేజీలు ఒక ఫారం. పెద్ద కాగితం మడతపెడితే ఎనిమిది ఆకులు వస్తాయి, ఆ మడత మధ్యలోంచి దారం పోనిచ్చి, ఒక ఫారాన్ని ఇంకో ఫారంతో కలిపి కుట్టేవాళ్ళు. ఆ పైన జిగురు, ఆ పైన అట్ట. ఇప్పుడు చాలా పుస్తకాలకి ఆ మడతలనే కోసేస్తున్నారు. కోసిన అంచుని గరుకు చేసి, కరిగించిన జిగురు పూసి, అట్ట అంటించేస్తున్నారు. దాని పేరేమో పర్ఫెక్ట్ బైండింగ్. నూట యాభై పేజీల కవితల పుస్తకానికి అది సరిపోతుందేమో, నేను కాదనను. 350 పేజీల నవలకి, 600 పేజీల ఆత్మకథకి కూడా అదే చేస్తే ఎలా? జిగురు ఎండేకొద్దీ బిగుసుకుపోతుంది, బిగుసుకున్నది విప్పితే పగులుతుంది. పైగా కాగితానికి ఒక వాలు ఉంటుంది, పీచు ఒక దిక్కుగా పడుకుని ఉంటుంది. ఆ పీచు వెన్నుకి సమాంతరంగా ఉంటే పుస్తకం మెత్తగా విచ్చుకుంటుంది, అడ్డంగా ఉంటే మొండికేస్తుంది. ఈ సంగతి నాకు ఒక ప్రెస్సాయన చెప్పాడు. ఆయనకి తెలిసినప్పుడు మీకు తెలియకుండా ఉండదు. అడగండి, పట్టుబట్టండి. కుట్టు బైండింగుకి పుస్తకానికి ఇంకొంత ఎక్కువవుతుందంటే వెల పెంచి రాయండి. 400 పెట్టి కొన్నదాన్ని, అది నాలుగేళ్ళు నిలిచే పుస్తకమైతే 440 కూడా పెడతాను. లోపలి మార్జిన్ మాత్రం పెద్ద ఖర్చు లేని పని. వెన్ను వైపు ఒక పావు అంగుళం ఎక్కువ వదలండి చాలు.

తర్వాత అక్షరాల సంగతి. ఇది అమ్మ వల్లే నాకు బాగా అర్థమైంది. ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసిచ్చిన కళ్ళజోడుతో ఆవిడ న్యూస్ పేపరు చదవగలుగుతుంది, మందుల చీటీ చదవగలుగుతుంది, మీ పుస్తకం చదవలేకపోతుంది. ఎందుకా అని ఒక రోజు స్కేలు పెట్టి చూశాను. పేజీకి 36 వరసలు. వరసకీ వరసకీ మధ్య గాలి దూరే సందు లేదు. ఇంగ్లీషు పుస్తకంలో అలా ఉన్నా ఏదోలా నడుస్తుందేమో, తెలుగుకి నడవదు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద రెండు వేలాడతాయి. ‘స్త్రీ’ అంతే, ‘లక్ష్మి’ అంతే. ఈ పుస్తకంలో పై వరసలో రాష్ట్రం అన్న మాట ఉంది, సరిగ్గా దాని కింద వరసలో ‘మిగిలిన’ ఉంది. ఆ ఒత్తు వచ్చి ‘గి’ మీది గుడికి తగులుకుని రెండూ కలిసి ఇంకేదో అక్షరంలా తయారయ్యాయి. అమ్మ అక్కడ ఆగిపోయి, వేలు పెట్టి, “ఇదేమిటో చూడవే” అని నన్ను పిలిచింది. అక్షరం సైజు పదకొండు పాయింట్లు అని కంప్యూటర్లో అంకె చూసుకుని సరిపెట్టుకుంటే కుదరదు. ఆ పదకొండు పాయింట్లలోనే గుడీ ఒత్తూ కూడా పట్టాలి కాబట్టి అసలు అక్షరం కుంచించుకుపోతుంది. ఇంగ్లీషు పదకొండు వేరు, తెలుగు పదకొండు వేరు. అచ్చుకి పంపే ముందు ఒక్క పేజీ అసలు సైజులో కాగితం మీద తీసి, మీ ఇంట్లో అరవై దాటిన వాళ్ళ చేతిలో పెట్టి చదవమనండి. ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

కాగితం ఖర్చు అంటారు, తెలుసు. 36 వరసలని 32 చేస్తే ఈ నవలకి ఇంకో నలభై పేజీలు పెరుగుతాయి, అంటే రెండున్నర ఫారాలు. సరే. మరి ఇదే పుస్తకంలో నవల మొదలయ్యేది 25వ పేజీలో. ముందు 24 పేజీల్లో ఏమున్నాయంటే, ఒక ముందుమాట, ఒక ఆశంస, ఒక ఆప్తవాక్యం, ఒక అభినందన, రచయిత ‘నా మాట’, ప్రచురణకర్త మాట, ఆ తర్వాత కృతజ్ఞతలు. ఒకటిన్నర ఫారం. చదివేవాళ్ళ కళ్ళ దగ్గర పొదుపు చేసిన కాగితం అక్కడ ఖర్చు పెట్టారు.

ముందుమాటలు రాసే పెద్దలంటే నాకు గౌరవమే. కొన్ని పుస్తకాలకి మంచి ముందుమాట దీపం పట్టుకుని దారి చూపించినట్టుంటుంది, ముఖ్యంగా పాత కావ్యాలకీ, మనకి తెలియని కాలం గురించిన వాటికీ. కానీ ఒక కొత్త నవలకి నలుగురు రాయాలా? రాసినా, కథ చెప్పేయాలా? మా అమ్మకి ఒక అలవాటు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కటీ వదలకుండా చదువుతుంది, మధ్యలో దాటెయ్యడం ఆ పుస్తకం రాసినవాళ్ళకి మర్యాద తక్కువ చెయ్యడం అనుకుంటుంది. ఆవిడ రెండో ముందుమాట చదువుతూనే పుస్తకం మూసేసింది. చిన్న కూతురు చివర్లో చనిపోతుందని అందులో రాసేశారు. “తెలిసిపోయింది కదా, ఇంక ఆ పిల్ల నవ్వినప్పుడల్లా నాకు బెంగగా ఉంటుంది” అంది. రచయిత మూడేళ్ళు కూర్చుని దాచిపెట్టుకొచ్చిన విషయం అది. దాన్ని గుమ్మంలోనే చెప్పేశారు. దయచేసి కథ గురించి మాట్లాడే మాటలన్నీ వెనక్కి తీసుకెళ్ళి పెట్టండి. వెనుకమాట అనండి. చదివాక మేమూ ఆ పెద్దలతో కలిసి ఆలోచిస్తాం, అప్పుడు వాళ్ళు రాసినదానికి విలువ కూడా ఎక్కువ.

వెనక అట్ట మీద కూడా ఇదే తంతు, కాకపోతే తిరగేసి. అక్కడ రచయిత ఫోటో ఉంటుంది, పుట్టిన ఊరు ఉంటుంది, వచ్చిన అవార్డులు వరసగా ఉంటాయి. పుస్తకం దేని గురించో ఉండదు. స్టాల్లో నిలబడి, వెనక జనం తోస్తుంటే, ఈ పుస్తకం కొనాలా వద్దా అని ఆలోచించుకునే అర నిమిషంలో నాకు కావాల్సింది ఆ మూడు వాక్యాలే. ఎక్కడ జరుగుతుంది, ఎవరి కథ, ఎలాంటి కథ. చాలు.

ఇంకో సంగతి, చాలామందికి చిన్నదిగా కనిపిస్తుంది, నాకు మాత్రం ప్రాణం మీదికొచ్చినట్టు ఉంటుంది. సంవత్సరం. కథల సంపుటి కొంటాను. రచయిత పోయి నలభై ఏళ్ళయింది. లోపల చూస్తే ‘ప్రథమ ముద్రణ: 2019’. అంటే మీరు వేసిన మొదటి ముద్రణ. ఆ కథలు మొదట ఎప్పుడు వచ్చాయి, ఏ పత్రికలో వచ్చాయి, ఇంతకు ముందు పుస్తకంగా ఎవరు వేశారు, ఒక్క ముక్క ఉండదు. ఇది పరిశోధన చేసేవాళ్ళకి కావాల్సిన వివరం అనుకుంటున్నారేమో. మామూలుగా చదువుకునే నాకే కావాలి. ఒక కథలో గుమాస్తాకి జీతం అరవై రూపాయలు. అది ఇల్లు హాయిగా గడిచే జీతమా, నెల మధ్యలోనే అప్పు చెయ్యాల్సిన జీతమా? 1938 అయితే ఒక అర్థం, 1958 అయితే ఇంకో అర్థం. ఆ కథలో భర్త భార్య కొన్న చీర వెల విని గట్టిగా అరుస్తాడు. అతను పిసినారా, నిజంగానే లేనివాడా అన్నది ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. కథ చివర చిన్న అక్షరాల్లో పత్రిక పేరు, నెల, సంవత్సరం వేస్తే ఒక్క వరస. దొరకని వాటికి దొరకలేదని రాయండి, అది కూడా వివరమే.

ముద్రణ వివరాలు వేసే పేజీలోనే ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, అది కూడా లేని పుస్తకాలు ఇప్పటికీ చాలా చూస్తున్నాను. మన దేశంలో దానికి రుసుము లేదు, రాజా రామ్మోహన్ రాయ్ పేరు మీద ఉన్న జాతీయ ఏజెన్సీకి దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తారు. 1954 నాటి చట్టం ప్రకారం వేసిన ప్రతి పుస్తకమూ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమెరా లైబ్రరీతో సహా ఇంకో మూడు చోట్లకీ ముప్పై రోజుల్లో ఒక్కో కాపీ పంపాలి. ఎంతమంది పంపుతున్నారో మీ మనసుకి తెలుసు. పంపని పుస్తకం పాతికేళ్ళ తర్వాత ఎవరికైనా కావాలంటే ఎక్కడ వెతుక్కుంటారు? మా బీరువాల్లోనా?

ఇప్పుడు అచ్చుతప్పులు. ముద్రారాక్షసాలు అని ముద్దుపేరు పెట్టుకున్నాం కానీ రాక్షసుడు వచ్చి చేసి వెళ్ళిన పని కాదది. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. యూనిట్ టెస్టులో ‘కధ’ అని రాశాడు, తెలుగు మాస్టారు సున్నా చుట్టి అర మార్కు కోశారు. ఇంటికొచ్చి నా మీద గొడవ. లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అట్ట మీద, అరచేతి అంత అక్షరాల్లో, ‘కధలు’ అని ఉంది. “పెద్దవాళ్ళు పుస్తకం మీదే అలా వేశారు కదమ్మా, మరి నాకెందుకు కోశారు?” అన్నాడు. నేను చెప్పగలిగిన జవాబు ఏముంది? అమ్మే వాణ్ణి కూర్చోబెట్టి పలకా బలపం తెప్పించి చూపించింది. ద రాసింది, దాని కింద ఒత్తు గీత గీసి ధ చేసింది, మధ్యలో చుక్క పెట్టి థ చేసింది. “ఆ చుక్కరా, ఆ చుక్క ఉంటేనే కథ” అంది. వాడు ఆ తర్వాత ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తీసి చుక్క ఉందా లేదా అని చూడటం మొదలుపెట్టాడు. సంతోషించాలో బాధపడాలో తెలియలేదు, లేనివి అన్ని దొరికాయి.

అర్థానికీ అర్ధానికీ తేడా పోయింది. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ‘నాకు అర్ధం కాలేదు’ అని అచ్చులో పేజీకొకసారి కనిపిస్తుంది. ‘సంస్ధ’, ‘స్ధలం’, ‘విద్యార్ధి’ కూడా అంతే. ఒకే పుస్తకంలో ఒక పేజీలో ‘వాళ్ళు’, తర్వాతి పేజీలో ‘వాళ్లు’, ఇంకో చోట ‘వాల్లు’. మొదటి రెండిట్లో ఏది వాడినా నాకు గొడవ లేదు, ఒకటి పట్టుకుని చివరిదాకా దాన్నే వాడండి. ఇంగ్లీషు మాటలు ఇంకా ఘోరం. ‘సాఫ్ట్‌వేర్’ అని పొల్లు విడిగా ఉండాల్సింది ‘సాఫ్ట్వేర్’ అని ట కింద వ ఒత్తుగా దిగిపోతుంది, చదవబోతే నాలుక మడతపడుతుంది. ఇలా ఎందుకు జరుగుతోందో నాకు కొంత తెలుసు, మా ఆఫీసులో తెలుగు నోటీసులు నేనే టైపు చేస్తాను కాబట్టి. పాత కీబోర్డు ఫాంట్లలో లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. పైకి తెలుగు బొమ్మ కనిపిస్తుంది అంతే. రచయిత ఫోనులోనో కంప్యూటర్లోనో యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలో, టైపు చేసి పంపుతారు. డీటీపీ వాళ్ళు, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చేవాళ్ళు, దాన్ని పాత ఫాంటులోకి మార్చి పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. 2001 తర్వాత ఆ పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షనే రాలేదు. ఆ మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి, పొల్లులు అతుక్కుపోతాయి, కొటేషన్ గుర్తులు ఇంకేదో అవుతాయి. మారిన తర్వాత ఎవరో ఒకరు మొత్తం మళ్ళీ చదవాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ఇప్పుడు లేరు. రచయిత నేను ముందే చూసి పంపాను అనుకుంటారు, మీరు రచయిత చూశారు కదా అనుకుంటారు, డీటీపీ ఆయనకి పేజీకి ఇంత అని లెక్క, చదవమని ఎవరూ డబ్బివ్వరు.

యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటు ఉంది. మండలి, సూరన్న, గిడుగు, రామభద్ర అని చక్కటి పేర్లతో ఉచితంగా దొరికే ఫాంట్లున్నాయి. రచయిత పంపిన ఫైలుని అలాగే పేజీల్లో పెట్టుకునే దారి ఉండగా ఈ మార్పిడి దేనికి? అలా పెట్టుకుంటే రేపు ఈబుక్ చెయ్యాలన్నా, కళ్ళు కనపడని వాళ్ళకి కంప్యూటర్ చేత చదివించాలన్నా, చివర్లో ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచి వెయ్యాలన్నా అదే ఫైలు పనికొస్తుంది. పదసూచి అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. 500 పేజీల చరిత్ర పుస్తకం కొన్నాను, మా అమ్మమ్మగారి ఊరి ప్రస్తావన అందులో ఉందని ఎవరో చెబితే. ఏ పేజీలో ఉందో తెలియదు, వెనక పదసూచి లేదు. మూడు ఆదివారాలు వెతికాను.

వాక్యాల గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా అనువాదాల గురించి. నేను అనువాదాలు బాగా చదువుతాను, బెంగాలీ నుంచి, రష్యన్ నుంచి, ఇంగ్లీషు నుంచి. ఈ మధ్య వస్తున్న వాటిలో చాలావాటికి తెలుగు లిపి ఉంది కానీ తెలుగు లేదు. ‘అతను మంచి జ్ఞాపకశక్తిని కలిగి ఉన్నాడు’ అంటారు. అతనికి జ్ఞాపకశక్తి ఎక్కువ అంటే సరిపోదా? ‘ఆ ఉత్తరం ఆమె చేత చింపివేయబడింది’ అంటారు. ఆమె ఆ ఉత్తరం చింపేసింది, అంతే కదా జరిగింది. అమ్మ ఇలాంటి వాక్యం వస్తే పైకి చదువుతుంది, పక్కన ఎవరూ లేకపోయినా. “ఎవరే ఇలా మాట్లాడేది?” అని అడుగుతుంది. అనువాదకుడికి సమయం ఇవ్వలేదని, ఇచ్చేది కూడా తక్కువేనని నాకు తెలుసు. కానీ గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడి వందేళ్ళు దాటింది. ఆయన పుట్టిన ఆగస్టు 29న భాషా దినోత్సవం అని మనం దండలు వేస్తున్నాం. ఆ రోజు మీ సంస్థలో ఎవరైనా కొత్త అనువాదంలో పది పేజీలు పైకి చదవండి. నోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. గ్రాంథికం పోయి వాడుక భాష వచ్చిందని అనుకుంటున్నాం, దాని చోట్లోకి ఇంకో గ్రాంథికం వచ్చి కూర్చుంది.

కథల్లో యాస విషయం ఒకటి నన్ను బాగా బాధపెడుతుంది. ఇంటాయనా ఇంటావిడా పుస్తకాల తెలుగు మాట్లాడతారు, పాలు పోసేవాడూ పనిమనిషీ మాత్రం ‘ఒచ్చినాను బాబూ’ అని మాట్లాడతారు. అందరిదీ ఒకటే ఊరు. మా గుడివాడలో మా ఇంట్లో మేం మాట్లాడేదీ పాలాయన మాట్లాడేదీ నూటికి తొంభై వంతులు ఒకటే. మాకు లేని యాస ఆయనకి ఎక్కడిది? యాస రాస్తే అందరికీ రాయండి, లేకపోతే ఎవరికీ వద్దు. ఇది రచయిత చూసుకోవాల్సిన పనే, కానీ ఎడిటర్ అనే మనిషి ఉంటే పట్టుకుని అడిగేవాడు.

అట్టల గురించి ఎక్కువ చెప్పను. బాపు గారు చేత్తో రాసిన అక్షరాలతో వచ్చిన అట్టలు చూసి పెరిగినదాన్ని. దూరం నుంచి చూడగానే ఇది తెలుగు పుస్తకం అని తెలిసేది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన సూర్యాస్తమయం ఫోటో మీద నాలుగు రంగుల అక్షరాలు. మళ్ళీ చేత్తో రాసే కుర్రవాళ్ళు ఉన్నారు, మంచి బొమ్మలు వేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి పని ఇవ్వండి. ఇంకా వెన్ను మీద పేరు వెయ్యండి. బీరువాలో నిలబెట్టాక కనిపించేది వెన్నే. కొన్నిటికి పేరే ఉండదు, కొన్నిటికి కింది నుంచి పైకి, కొన్నిటికి పై నుంచి కిందికి. ఒక పుస్తకం వెతకాలంటే మెడ ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంచాల్సి వస్తోంది. అందరూ కూర్చుని ఏదో ఒక దిక్కు ఖాయం చేసుకోండి, ఏ దిక్కైనా నాకు సమ్మతమే.

మీ కష్టం తెలియక రాసిన ఉత్తరం కాదిది. ఐదువందల కాపీలు వేసి అవి అమ్ముడుపోవడానికి ఏళ్ళు పడుతుందని, అమ్మేవాళ్ళకి కమీషన్ ఇచ్చాక చేతికొచ్చేది ఎంతో తక్కువని, అమ్మిన డబ్బు కూడా చెప్పిన రోజుకి రాదని స్టాళ్ళలో మీలో కొందరు నాతోనే అన్నారు. ఇన్ని ఇబ్బందుల్లో కూడా పుస్తకాలు వేస్తున్నారంటే తెలుగు మీద ప్రేమ లేకుండా వెయ్యరు. ఆ ప్రేమ పుస్తకం మా చేతికొచ్చేదాకా నిలవాలని అడుగుతున్నాను. ఈ మధ్య కొందరు కొత్తవాళ్ళు ఎంత శ్రద్ధగా చేస్తున్నారో కూడా చూస్తున్నాను. మంచి కాగితం, కుట్టు, కళ్ళకి హాయిగా ఉండే అక్షరం, కథ చివర తేదీ. అలాంటివి అమ్మ ఒకటికి రెండు కొనిపిస్తుంది, ఒకటి ఇంటికి, ఒకటి ఎవరికైనా ఇవ్వడానికి. మీరు లెక్కలు చూసుకునేటప్పుడు ఆ రెండో కాపీని కూడా లెక్కేసుకోండి.

కుట్టుకున్న నవల అమ్మ ఫిబ్రవరిలో పూర్తిచేసింది. పుస్తకం చాలా బాగుంది అంది, చిన్న కూతురి దగ్గర ఏడ్చింది కూడా. ఈ మధ్య ఇల్లు సర్దుతూ విప్పి చూస్తే చివరి అట్ట లోపలి వైపు, ఖాళీగా ఉన్న చోట, పెన్సిలుతో రెండు నిలువు వరసలు గీసి ఉన్నాయి. ఎడమ వైపు ‘తప్పు’, కుడి వైపు ‘ఒప్పు’, ముందు పేజీ నంబరు. స్కూల్లో బోర్డు మీద రాసినంత గుండ్రంగా, మొత్తం 83. ఎవరూ అడగలేదు, ఎవరికి ఇవ్వాలో కూడా ఆవిడకి తెలియదు. వచ్చే జనవరిలో ఆ పుస్తకం సంచిలో వేసుకుని మీ స్టాలుకి వస్తాను. మీలో అది ఎవరు వేశారో వాళ్ళు చూసుకుని, ఆ పట్టిక ఫోటో తీసుకోండి. రెండో ముద్రణకి వాడుకోండి, మాకేమీ ఇవ్వక్కర్లేదు. పుస్తకం మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి, అమ్మ మళ్ళీ చదువుతానంటోంది.